ఉత్తచేతులకు పేర్లు

ఆర్జాలబావి మార్కెట్ యార్డుల
వడ్ల కుప్పల నడుమ ఒక ప్లాస్టిక్ కుర్చీ,
ఒళ్ళో ల్యాప్‌టాప్, దాని మీద ఊక దుమ్ము.
నేను రాసిన యాప్‌ను నేనే చూద్దామని వచ్చిన.

టోకెన్ కోసం ఫోన్ నొక్కిన అండాలుకు
నా వాక్యమే ఎదురొచ్చింది:
"ఏదో తప్పు జరిగింది. మళ్ళీ ప్రయత్నించండి."
పొద్దటి సంది పదకొండు సార్లు ప్రయత్నించిందట.
"నేనేం తప్పు చేసిన్నే?" అని
ఎవరినీ కాకుండా అడిగింది.
"జరిగింది" అన్న మాటల మనుషులుండరు.
నేను పక్కనే ఉన్న.

ఆ వాక్యం రాసిన రాత్రి యాదికుంది.
రెండున్నర అయింది, కళ్ళు మండుతున్నయి.
ఏమొచ్చినా పట్టుకో,
ఈ ఒక్క మాట చెప్పు,
లోపలి సంగతి దిగమింగు
అని రాసి పండుకున్న.
ఆఫీసులనే అంటం గానీ
దిగమింగుడు నాకూ వచ్చు.

హమాలీ పర్వతాలు
గోనె సంచుల కోసం గోదాం కాడికి
మూడు మాట్ల పోయిండు,
మూడు మాట్లా ఉత్తచేతులతోనే వచ్చిండు.
మొదట: "సారు బువ్వకు పోయిండు, గంటకొస్తడు, కూసుందాం."
మల్ల: "మన ఊరి పేరు రిజిస్టర్ల లేదట.
పొద్దుగూకేదాక నిలవడ్డా ఇయ్యరు, ముందు పేరెక్కాలె."
మూడోమాటు నవ్వుకుంట:
"ఆడ గోదామే లేదు, తిప్పర్తికి మార్చిన్రంట!"
ఒకదానికి ఆగాలె, ఒకదానికి కాయితం కావాలె,
ఒకదానికి బండి మలపాలె.
తువ్వాలతో మెడ తుడుచుకుంట
ఆయన పాఠం చెప్తున్నట్టు ఆయనకే తెల్వదు.

ఆ రాత్రి ముందుగాల ఒక తల్లిని రాసిన,
పేరు తప్పిదం.
తర్వాత ఆమె పిల్లల్ని.
ఇంటిపేరు అందరికీ ఒకటే, గుణం ఎవరిది వాళ్ళదే.

ఆలస్యం: ముప్పై సెకండ్లు చూసి అలిసి మర్లొచ్చేది.
దీన్ని మళ్ళీ పంపొచ్చు, కొంచెం ఆగి,
రెండోసారి ఇంకొంచెం ఆగి.
ఊకె తలుపు బాదితే లోపలోడు లేవడు, తిడతడు.
గుర్తు పట్టలే: కడప కాడనే ఆపిన్రు.
దీన్ని వెయ్యిసార్లు పంపినా అదే కడప.
చోటు తప్పింది: నాలుగొందల నాలుగు. మన తిప్పర్తి.
కూలింది: ఐదొందలు.
తప్పు మాది, మీది కాదు అని
దీనికి మొదటి వరుసలనే రాసిన.
రాసి, కాసేపు ఆ వరుసనే చూసుకుంట కూసున్న.

ఒక్కొక్కదాని జేబుల ఒక చీటీ పెట్టిన,
ఏ గడియల, ఎవరి టోకెన్, ఏ వాకిట్ల నుంచి మర్లింది అని.
పేరు పెట్టరానిదొకటి ఎప్పుడూ మిగుల్తది.
దాన్ని మింగలే.
నా ఫోన్ మోగేటట్టు పైకి విసిరిన.
నిద్ర చెడితే చెడనీ.

శుక్రవారం మబ్బు పట్టింది.
అండాలు ఫోన్‌ను పర్వతాలు చదివి వినిపించిండు:
"మా సర్వర్ కూలింది. మీ టోకెన్ భద్రం.
ఇరవై నిమిషాలకు మేమే మళ్ళీ అడుగుతం."
"అట్ల చెప్పు మరి," అన్నది ఆమె,
పరదా మూలకు రాయి పెట్టి చాయ్ తాగపోయింది.
నా కడుపు నిండింది, అబద్ధమెందుకు.

ఇరవై నిమిషాలకు జవాబొచ్చింది. రెండొందలు.
అంటే అంతా బాగుంది, లారీ కేటాయించబడింది.
పచ్చ రంగుల టిక్కు.
రెండొందలుకు నేను ఏ తరగతీ రాయలే,
ఎవ్వరూ రాయరు.

సాయంత్రం లారీ రాలే.
రాత్రీ రాలే.
తెల్లారి పరదా మీద నీళ్ళు దులుపుకుంట
అండాలు ఆ పచ్చ టిక్కును నా మొఖం ముందు పెట్టింది.
"దీని పేరేంది బిడ్డా?"